ఏడేళ్ళ గండం

"నా మంచానికి నేనే అద్దె కట్టాలా?"

గ్రేవీ గిన్నె డోరీన్ చేతిలోనే ఉండిపోయింది. కొడుకు పళ్ళెంలో మాంసం ముక్కలు చల్లారిపోతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర ఇంత నిశ్శబ్దం భర్త స్టాన్లీ పోయిన వారంలో తప్ప మళ్ళీ ఎప్పుడూ లేదు.

"మంచానికి కాదమ్మా, ఇంటికి," అన్నాడు కీత్. "ఊళ్ళో నడిచే రేటు ప్రకారం. నెలనెలా నా ఖాతాలో వెయ్యాలి. అలా అయితేనే లెక్కలోకొస్తుందట."

"ఎవరి లెక్కలోకి?"

"పన్నువాళ్ళ లెక్కలోకి."

కోడలు లోరెయిన్ కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరం మళ్ళీ చదివింది. లెక్కలు చూసే అతను రాసిన ఉత్తరమది. ఇల్లు కొడుక్కి దానం ఇచ్చి ఏడేళ్ళు బతికితే, పోయాక ఆ ఇంటి మీద వారసత్వపు పన్ను ఉండదు. కానీ ఇచ్చిన మనిషి అద్దె లేకుండా అదే ఇంట్లో ఉంటే ఆ దానం దానమే కాదు. ఏడేళ్ళు కాదు, డెబ్భై ఏళ్ళు గడిచినా కాదు.

"ఆవును దానమిచ్చి పాలు మాత్రం మనమే పితుక్కుంటున్నట్టట," అన్నాడు కీత్.

"పాలు పితికింది ఎవర్రా? పైకప్పు బాగు చేయించింది నేను. కిటికీలకి రంగు వేయించింది నేను. నువ్వు ఈ ఇంటికి చేసిందేమిటి? ఆదివారం ఆదివారం వచ్చి తినిపోవడం."

ఏల్నాటి శని పట్టినా ఏడున్నరేళ్ళకి వదిలిపోతుంది. ఈ పన్ను పీడకి ఏడేళ్ళని చెప్పారు. చెప్పిన నాటినుంచీ డోరీన్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికింది. మంచు పడితే గుమ్మం దిగలేదు. దగ్గు వస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. కీత్ కూడా ప్రతి పుట్టినరోజుకీ "ఇంకా నాలుగేళ్ళమ్మా, ఇంకా మూడేళ్ళమ్మా," అని లెక్క చెప్పేవాడు. తల్లి ఆయుష్షు కోరుతున్నాడో, గడువు కోరుతున్నాడో తెలిసేది కాదు. పదిహేను రోజుల కిందట ఏడేళ్ళూ నిండాయి. కేకు కోశారు. ఎనభై రెండేళ్ళ మనిషి ముందు "ఏడు" అంకె పెట్టి కొవ్వొత్తి వెలిగించారు. గండం గడిచిందనుకున్నారు.

గడవలేదు.

"అద్దె కట్టడం ఇష్టం లేకపోతే ఇంకో దారి కూడా ఉంది," అంది లోరెయిన్ మెల్లిగా. "మీరు వేరేచోటికి మారడం. హేషమ్‌లో పెద్దవాళ్ళకోసం కట్టిన ఇళ్ళున్నాయి డోరీన్. ఒక్క గదే, కానీ శుభ్రంగా ఉంటుంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది."

"సముద్రం నాకు ఇక్కడా కనిపిస్తుంది. రోజుకి రెండుసార్లు వెళ్ళిపోయి రెండుసార్లు వస్తుంది. నేను మటుకు యాభై ఏళ్ళుగా ఎక్కడికీ వెళ్ళలేదు."

"అమ్మా, నీ మంచికే—"

"నా మంచికా? నేను చచ్చాక పడే పన్నుకీ నా మంచికీ సంబంధమేమిట్రా?"

కీత్ ఫోర్కు కింద పెట్టేశాడు. "నాన్నే కదమ్మా మాట తీసుకున్నది. ఈ ఇంట్లో ఒక్క ఇటుక కూడా వాళ్ళకి పోకూడదని."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. స్టాన్లీ ఆసుపత్రి మంచం మీద ఆమె మణికట్టు పట్టుకుని అడిగాడు. బస్సు నడిపిన చేయి, ఆఖరి వారంలో కూడా పట్టు వదల్లేదు. జీతం మీద తీసుకున్నారు, బీరు మీద తీసుకున్నారు, చచ్చాక కూడానా డోరీన్, అన్నాడు. రెండేళ్ళ తరవాత ఆమె వెళ్ళి ఇల్లు కొడుకు పేర రాసేసింది.

డోరీన్ గ్రేవీ గిన్నె బల్లమీద పెట్టింది.

"ఈ ఇంట్లో నలభై ఏళ్ళు బసకొచ్చినవాళ్ళ దగ్గర అద్దె తీసుకున్నదాన్ని నేను. ఇచ్చేదాన్ని కాదు. తినండి, చల్లారిపోతోంది."

"వచ్చే ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పాలమ్మా," అన్నాడు కీత్, పళ్ళెంలోకి చూస్తూ.

వచ్చే ఆదివారమే ఎందుకని అడగాలని ఆమెకు తోచలేదు. తరవాత ఆ సంగతి తలుచుకుని తనని తానే తిట్టుకుంది.

*

మంగళవారం క్లబ్బులో ఆర్నల్డ్ ఒక కాగితాల కట్ట పట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతున్నాడు. బంతులు దొర్లించే ఆటకి కాలం అయిపోయింది. బయట పచ్చిక మీద వాన పడుతోంది. లోపల పదహారుమంది ముసలివాళ్ళు టీ తాగుతూ డామినో ఆడుతున్నారు.

"సంతకం పెట్టు పిల్లా," అన్నాడు డోరీన్ ముందు కాగితం పరిచి. అతనికి ఎనభై నాలుగు. తనకన్నా రెండేళ్ళు చిన్నవాళ్ళందరూ అతనికి పిల్లలే.

"దేనికి?"

"చావు పన్ను ఎత్తెయ్యమని. మన ఎంపీకి పంపిస్తున్నాం."

"నువ్వుండేది కౌన్సిల్ వాళ్ళ అద్దె ఫ్లాట్‌లో కదా ఆర్నల్డ్. నువ్వు పోతే నీ పిల్లలకి మిగిలేదేమిటి?"

"ఒక సైకిలు. రెండు టోపీలు."

"టోపీ మీద పన్నెవడు వేస్తాడయ్యా?"

"వెయ్యడని హామీ ఏమైనా ఉందా?"

అందరూ నవ్వారు. ఆర్నల్డ్ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నవ్వండి. నాకేం లేకపోవచ్చు. నేను అడిగేది నాకోసం కాదు. ఒకడు బతుకంతా కష్టపడి ఇల్లు కట్టుకున్నాడు. తాగలేదు, తందనాలాడలేదు. వాడి ఒళ్ళింకా చల్లబడకముందే సర్కారువాడొచ్చి చెయ్యి చాస్తే, అది తప్పా కాదా? మా నాన్న పోయినప్పుడు ఒక్క చేతి గడియారం వదిలాడు. అందులో వాటా అని ఎవడైనా వచ్చుంటే వాణ్ణి ఆయన పనిచేసిన బొగ్గుగనిలోకే తోసేవాణ్ణి."

"మా అక్క మొగుడి తమ్ముడి ఇల్లు సగం పోయిందట," అంది పక్క బల్లనుంచి బెరిల్.

"చూశావా?" అన్నాడు ఆర్నల్డ్ డోరీన్‌తో.

"చూడ్డమేమిటి? విన్నాను," అంది బెరిల్.

"ఎవరు చెప్పారు?" అని అడిగింది డోరీన్.

"అందరూ చెప్పుకుంటున్నారు!"

డోరీన్ పెన్ను తీసుకుంది. స్టాన్లీ ఉంటే మొదటి సంతకం అతనిదే అయ్యేది. కాగితం మీద పదిహేను పేర్లున్నాయి. అందరినీ ఎరుగును. పదిహేనుమందిలో సొంతిల్లు ఉన్నవాళ్ళు ఆరుగురు. అందులో ఇద్దరివి వరసగా అతుక్కుని ఉండే చిన్న ఇళ్ళు, గోడ కొడితే పక్కింటివాడు పలుకుతాడు.

"ఎంతుంటే పడుతుంది ఈ పన్ను?" అని అడిగింది.

"ఏమిటీ?"

"ఎంత ఆస్తి ఉంటే? ఇంతకి మించితే పన్ను అని ఒక హద్దు ఉండాలి కదా. ఎంత?"

ఆర్నల్డ్ బెరిల్‌కేసి చూశాడు. బెరిల్ డామినో ముక్కలకేసి చూసింది. వెనకబల్ల దగ్గర ఎవరో లక్ష అన్నారు. ఇంకెవరో కాదు, అంతా కలిపి సగం, అన్నారు. ఒకాయన, ఎంతున్నా పడుతుందనీ అదే కదా అన్యాయమనీ అన్నాడు.

"పదిహేనుమంది సంతకాలు పెట్టారు," అంది డోరీన్. "ఒక్కరికీ తెలీదా?"

"నీకు తెలుసా?"

తెలీదు. ఏడేళ్ళు ఆ పన్నుకి భయపడి బతికింది. ఇల్లు రాసిచ్చింది. ఇప్పుడు మంచానికి అద్దె కట్టమంటున్నారు. ఆ పన్ను ఎంతకి పడుతుందో ఆమె ఒక్కనాడూ ఎవర్నీ అడగలేదు. స్టాన్లీ చెప్పాడు, అంతే. స్టాన్లీకి ఎవరు చెప్పారో?

పెన్ను కింద పెట్టింది.

"తెలుసుకొచ్చి పెడతా," అంది.

"పెట్టనని చెప్పు, సరిపోతుంది!" అని ఆర్నల్డ్ వెనకనుంచి అరిచాడు. "మెత్తబడిపోయావే పిల్లా!"

ఆమె అప్పటికే కోటు తొడుక్కుంటోంది.

*

బుధవారం పొద్దున లైబ్రరీలో ఉచితంగా సలహా చెప్పే బల్ల వేస్తారు. ఆ బల్ల వెనక షబానా అనే అమ్మాయి కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. పక్కన టీ చల్లారిపోయి ఉంది. డోరీన్ చెప్పినదంతా అడ్డు తగలకుండా విన్నది.

"ఇల్లు ఎంత చేస్తుంది మిసెస్ హార్గ్రీవ్స్?"

"పక్కిల్లు ఈ మధ్యనే అమ్మారు. రెండు లక్షల ఎనభై వేలకి."

"ఇల్లు కాక ఇంకేమైనా?"

"పోస్టాఫీసులో కొంచెం. నా అంత్యక్రియలకి."

"మీ ఆయన పోయినప్పుడు ఆయన ఆస్తి ఎవరికి వదిలారు?"

"నాకే. ఇంకెవరున్నారు?"

షబానా ఒక కాగితం మీద రాసి ఆమెవైపు తిప్పింది. "ఒక మనిషికి మూడు లక్షల పాతికవేల పౌండ్ల దాకా పన్ను లేదు. ఉండే ఇల్లు పిల్లలకి పోతే ఇంకో లక్షా డెబ్భై అయిదు వేలకి లేదు. మీ ఆయన తన వంతు వాడుకోకుండా అంతా మీకే వదిలారు కాబట్టి అదీ మీకే కలుస్తుంది. అన్నీ కలిపితే పది లక్షలు."

"అంటే?"

"అంటే మీ ఇల్లు మీ పేరున ఉన్నా పన్ను పడేది కాదు. దానం లెక్కలోకొచ్చినా రాకపోయినా పడదు. ఇవాళ పడదు, ఏడేళ్ళ కిందటా పడేది కాదు."

డోరీన్ ఆ కాగితాన్ని చూస్తూ కూర్చుంది. ముందు నవ్వొచ్చింది. తరవాత స్టాన్లీ మీద కోపం వచ్చింది. చచ్చినవాడి మీద కోపం తెచ్చుకుంటే దాన్ని పెట్టుకోడానికి చోటుండదు. మళ్ళీ నవ్వొచ్చింది.

"మరి అద్దె కట్టక్కర్లేదు కదా?"

"పన్నుకోసమైతే అక్కర్లేదు."

"అయితే బతికిపోయాను."

షబానా టీ కప్పు పక్కకి జరిపింది.

"ఇల్లు ఇప్పుడు ఎవరి పేర ఉంది మిసెస్ హార్గ్రీవ్స్?"

"మా అబ్బాయి పేర. చెప్పాను కదా."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

"మీరు బతికున్నంతకాలం అక్కడే ఉండొచ్చని ఎక్కడైనా రాసుకున్నారా? ఒక్క వాక్యమైనా?"

"కొడుకుతో రాతకోతలేమిటి తల్లీ?"

"ఆయన మిమ్మల్ని వెళ్ళమనగలరా లేదా అన్నది లాయరు చూసి చెప్పాలి. ఒకరి పేరు రాసిస్తాను, ఈ వారమే వెళ్ళండి." షబానా గొంతు తగ్గించింది. "నాకు కనిపిస్తున్నది మటుకు చెబుతాను. పన్ను మిమ్మల్ని ఏమీ చెయ్యలేదు. కానీ కాగితం మీద చూస్తే ఆ ఇంట్లో మీరు అతిథి."

అతిథి.

అతిథులంటే డోరీన్‌కి తెలుసు. నలభై ఏళ్ళపాటు వాళ్ళకి దుప్పట్లు మార్చింది. గుడ్లు వేయించి పెట్టింది. ఎంత మంచివాళ్ళైనా, ఎంత నవ్వుతూ మాట్లాడినా, వెళ్ళే రోజున పొద్దున పదింటికల్లా పెట్టె సర్ది గుమ్మం దిగాలి. వాన పడుతున్నా సరే. నియమం నియమమే.

"నాకు టైమెంత ఉంది?" అని అడిగింది.

షబానాకి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

*

ఫోను చేస్తే ఆ రోజే కీత్ నాలుగింటికి ఒక్కడే వచ్చాడు. పనిదినం నాడు నాలుగింటికి ఎలా వచ్చాడని డోరీన్ అడగలేదు. టీ పోసింది. అల్లం కేకు ముక్క కోసి ముందు పెట్టింది. తరవాత షబానా రాసిన కాగితం ఆ ముక్క పక్కనే పెట్టింది.

కీత్ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పటినుంచీ అంతే, తప్పు దొరికితే ముందు చెవులే చెప్పేస్తాయి.

"పది లక్షలా?"

"పది లక్షలు. మన ఇల్లు దానికి మూడోవంతు కూడా లేదు. లేని జబ్బుకి ఏడేళ్ళు పథ్యం చేశాంరా."

"మరి ఆ లెక్కలాయన—"

"ఆయన్ని నువ్వేమడిగావు? దానం చెల్లుతుందా అని అడిగావు. చెల్లదన్నాడు. పన్ను పడుతుందా అని అడిగావా?"

కీత్ కాగితాన్ని తిరగేసి చూశాడు.

"నేనూ అడగలేదు. మీ నాన్నా అడగలేదు. తప్పు ముగ్గురిదీ. పోనీలే, అయిందేదో అయింది." డోరీన్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "లాయరు దగ్గరికి శుక్రవారం వెళుతున్నాను. నువ్వూ రా. ఏ భయంతో ఇల్లు నీకు రాశానో ఆ భయం లేదు కాబట్టి, నా ఇల్లు నాకు తిరిగి రాసెయ్యి. నేను పోయాక ఎలాగూ నీకే. ఒక్క పెన్నీ పన్ను లేకుండా."

గోడ గడియారం కొట్టుకుంటోంది. కీత్ కేకు ముక్కని వేలితో చిదుపుతున్నాడు. తినడం లేదు.

"కీత్."

"ఆఁ."

"తిరిగి రాసెయ్యమన్నాను."

"విన్నానమ్మా."

"వింటే జవాబు చెప్పాలి."

"అది అంత తేలిక కాదు."

"రాసివ్వడం తేలికే. నేను ఒక్క పొద్దున్లో రాశాను. ఆ రోజు చేపలు కొనుక్కుని పన్నెండింటికల్లా ఇంటికి కూడా వచ్చేశాను."

అతను తలెత్తలేదు. యాభై ఏడేళ్ళ మనిషి. జుట్టు పలచబడిన చోట నెత్తి కనిపిస్తోంది. ఒక్క క్షణం డోరీన్‌కి జాలి వేసింది. ఆ జాలిని పక్కకి నెట్టింది.

"వచ్చే ఆదివారంలోగా చెప్పమన్నావు," అంది. "పన్నుకి ఏడేళ్ళైనా తొందరలేదు కదా. మరి నీకు ఆదివారం తొందరేమిటి?"

"అమ్మా..."

"ఎవరికి మాటిచ్చావురా?"

కీత్ కేకు పళ్ళెం జరిపి చెప్పాడు. మార్చిలో ఉద్యోగం పోయింది. లోరెయిన్‌కి మేలో చెప్పాడు. తల్లికి ఇవాళ్టిదాకా చెప్పలేదు. ఎండాకాలంలో మాంచెస్టర్ వాళ్ళెవరో ఈ వీధిలో ఇళ్ళు కొంటూ వచ్చారు. సెలవులకొచ్చేవాళ్ళకి అద్దెకిచ్చే ఫ్లాట్లు చేస్తారట. మంచి ధర చెప్పారు. ఒక్కటే షరతు, ఇల్లు ఖాళీ చేసి ఇవ్వాలి.

"సంతకం పెట్టావా?"

"ఇంకా లేదు. మాట మాత్రం ఇచ్చాను."

"పన్ను సంగతి సాకేనా అయితే?"

"కాదు!" కీత్ మొదటిసారి తలెత్తాడు. "పన్ను నిజమనే అనుకున్నానమ్మా. ఒట్టు. అది నిజమైతే నువ్వెలాగూ కదలాలి. నువ్వెలాగూ కదిలితే..." మాట మింగేశాడు. "ఇల్లమ్మిన డబ్బులో నీ గది అద్దె నేనే కడదామనుకున్నాను. హేషమ్‌లో. నువ్వు పోయేదాకా."

"నేను పోయేదాకా," అంది డోరీన్. "అప్పుడు ఏడేళ్ళు బతకమ్మా అన్నావు. ఇప్పుడు ఎన్నేళ్ళు బతకమంటావు? చెప్పు, దాన్నిబట్టి చూసుకుంటాను."

కీత్ కళ్ళు నిండాయి. ఆమె చూసింది. చూసి కూడా ఆపలేదు.

"ఉద్యోగం పోయిందని మార్చిలో చెప్పుంటే పోస్టాఫీసు పుస్తకం నీ చేతిలో పెట్టేదాన్ని. నా అంత్యక్రియలు కౌన్సిల్ వాళ్ళే చేసేవాళ్ళు. ఇల్లు మాత్రం ఇవ్వను. ఇచ్చేశానని తెలుసు. అయినా ఇవ్వను."

"ఇది ఇప్పుడు చట్టం ప్రకారం—"

"చట్టం నాకు చెప్పకు. చట్టానికి భయపడే ఇంతదాకా తెచ్చుకున్నాను. ఇంక భయపడను."

"రేపు పదింటికి వాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారమ్మా," అన్నాడు కీత్. "నేనే రమ్మన్నాను. గురువారాలు కూడా నువ్వు క్లబ్బులో ఉంటావనుకున్నాను."

డోరీన్ లేచింది. మెట్లకింద గూట్లో చెయ్యి పెట్టి, చీపుర్లూ పాత బకెట్లూ జరిపి, ఒక చెక్క బోర్డు బయటికి లాగింది. బసకొచ్చేవాళ్ళ రోజుల్లో వీధికి కనిపించేలా కిటికీలో వేలాడదీసేవాళ్ళు. తొమ్మిదేళ్ళ దుమ్ము ఉంది. కొంగులేని మనిషి కాబట్టి స్వెట్టరు చేతితో తుడిచింది. ఒకవైపు "గదులు ఖాళీ", రెండోవైపు "ఖాళీ లేదు".

ముందుగది కిటికీ దగ్గరికెళ్ళి కొక్కేనికి తగిలించింది. వీధిలోంచి చదివేవాళ్ళకి "ఖాళీ లేదు" అని కనిపించేలా సరిచేసింది. ఎదురు పేవ్‌మెంటు మీద కుక్కని తిప్పుతున్న ఒకాయన ఆగి చూశాడు. సెలవుల కాలం అయిపోయిన అక్టోబరులో ఆ వీధిలో అలాంటి బోర్డు ఎవరూ పెట్టరు.

"అమ్మా, అది తీసెయ్యి," అన్నాడు కీత్.

"పేవ్‌మెంటు మీద నిలబడ్డ మనిషిని గుమ్మం ఎక్కకుండా పంపించెయ్యడం నాకు చేతనైనంత బాగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ చేతకాదు. రేపు పదింటికి తలుపు నేనే తీస్తాను."

"అమ్మా, పరువు పోతుంది. తీసెయ్యి."

డోరీన్ కిటికీ ముందునుంచి పక్కకి జరిగింది. బోర్డుకీ అతనికీ మధ్య ఎవరూ లేరు.

"ఇంటి యజమానివి నువ్వు కదా," అంది. "నువ్వే తియ్యి."

కీత్ కుర్చీలోంచి లేచాడు.